అజాగ్రత్త ఎవరిది?

గిద్దలూరు పక్కన ఒక పల్లెలో పొదుపు సంఘం సభ్యురాలి ఖాతా నుంచి కిందటేడు మూడు దఫాలుగా 9,500 రూపాయలు పోయాయి. ఆమెకు ఏటీఎం కార్డు లేదు. సొంత ఫోను లేదు. వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునే చిన్న మిషన్ ద్వారా సొమ్ము తీసినట్లు బ్యాంకు పుస్తకంలో పడింది. ఆ రోజుల్లో ఆమె పల్నాడులో మిరపకాయల కోతకు పోయి ఉంది. ఇరవై మూడు రోజుల తర్వాత తిరిగొచ్చి, కూతురి కాన్పు ఖర్చుకని బ్యాంకుకు వెళ్ళినప్పుడు గానీ సంగతి తెలియలేదు. కౌంటరులో ఉన్న ఉద్యోగి ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "వేలిముద్ర ఎవరికైనా ఇచ్చావా అమ్మా?"

"ఇయ్యకపోతే బియ్యం యాడ ఇస్తారు సారూ?" అందట ఆమె.

ఆమె తెలివితక్కువగా మాట్లాడలేదు. ఆమె జీవితంలో వేలిముద్ర పెట్టని చోటు లేదు. రేషను దుకాణంలో పెట్టింది. పింఛను కోసం అత్త చేత పెట్టించింది. సిమ్ము కార్డు కొనేటప్పుడు కొడుకు కోసం పెట్టింది. అరెకరం పొలం అన్నదమ్ముల మధ్య పంచుకున్నప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో పది వేళ్ళకూ సిరా పూసుకుంది. ఇవన్నీ ప్రభుత్వం పెట్టమన్న ముద్రలే. పెట్టనంటే పని జరగదు. అట్లాంటి ముద్ర ఎక్కడో ఎవరి చేతికో చిక్కి డబ్బు పోతే, ముందుగా దోషి స్థానంలో నిలబడింది ఆమే.

రెండో సంఘటన మార్కాపురంలోది. పలకల పరిశ్రమలో పనిచేసే స్త్రీకి సంఘం అప్పు వాటా ఖాతాలో పడిన నాలుగో రోజున ఫోను వచ్చింది. కార్డు ఆగిపోయిందనీ, కేవైసీ చెయ్యకపోతే అప్పు వెనక్కి పోతుందనీ అవతలి మనిషి చెప్పాడు. ఆమె చదవలేదు. ఇంటర్ చదివే కొడుకు అంకెలు చదివి వినిపించాడు. 18,000 రూపాయలు పోయాయి. "నా పేరు వాడే చెప్పె, నా బ్యాంకు పేరు వాడే చెప్పె, కార్డు మీది అంకెలు కూడా వాడే చెప్పె. బ్యాంకోడు కాకపోతే వాడికెట్ల తెలుసక్కా?" అని నన్ను అడిగింది. నేను ఇంతవరకూ దీనికి జవాబు చెప్పలేకపోయాను. బ్యాంకు కూడా చెప్పలేదు. "ఓటీపీ ఎందుకు చెప్పావు?" అని మాత్రం అడిగింది. ఇంటికొస్తే భర్త అదే ప్రశ్న చెంపదెబ్బతో కలిపి అడిగాడు. సంఘం మీటింగులో తోటి సభ్యులూ అదే అడిగారు. ఆమె పోగొట్టుకున్న సొమ్ముకు కంతులు మాత్రం ఆమే కట్టాలి, సంఘం అప్పు కాబట్టి. కట్టకపోతే మిగతా తొమ్మిది మందికీ అప్పు పుట్టదు.

రాత్రిపూట ఎందుకు బయటికెళ్ళావు, వాడితో ఎందుకు మాట్లాడావు, ముందే ఎందుకు చెప్పలేదు అనే ప్రశ్నలతో స్త్రీల ఉద్యమం దశాబ్దాలుగా పోరాడుతూనే ఉంది. దోచుకున్నవాడినీ, దోపిడీకి వీలు కల్పించిన ఏర్పాటునూ వదిలి నష్టపోయిన మనిషి నడవడిని విచారణకు పెట్టడం మనకు బాగా తెలిసిన పద్ధతి. కార్డు మోసాల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనం కూడా తెలియకుండానే బ్యాంకు గొంతుతో మాట్లాడుతున్నాం. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. దాని గురించి చివర్లో చెబుతాను.

"అజాగ్రత్త" అనే మాట ఎవరికి ఎట్లా వర్తిస్తుందో చూడండి. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి ఆగంతకులు చొరబడి దాదాపు 12 కోట్ల రూపాయలు దేశమంతటా ఉన్న అనేక ఖాతాలకు మళ్ళించారు. బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన దొంగ ఈమెయిళ్ళను ఉద్యోగులు తెరవడం వల్ల దారి దొరికిందనీ, బ్యాంకు కనీస రక్షణ ఏర్పాట్లు కూడా చేసుకోలేదనీ పోలీసుల విచారణలో తేలింది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. అంటే చదువుకుని, జీతం తీసుకుని, కంప్యూటరు ముందు కూర్చునే మనిషి కూడా మోసపూరితమైన ఉత్తరాన్ని నమ్ముతాడు. దాన్ని అందరూ "హ్యాకింగు" అన్నారు. అదే పని పలకలు కోసే స్త్రీ చేస్తే "అజాగ్రత్త" అయింది.

ఇంకొంచెం వెనక్కి, 2016కు వెళదాం. ఆ సంవత్సరం అక్టోబరులో దేశంలో 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు బయటికి పోయి ఉండవచ్చని బయటపడింది. ఏటీఎంలు నడిపే ఒక చెల్లింపుల సంస్థ కంప్యూటర్లలో దుష్ట ప్రోగ్రాము చేరడం వల్ల అది జరిగింది. బ్యాంకులు లక్షల కార్డులను ఆపేశాయి, పిన్ను మార్చుకోమని జనానికి సందేశాలు పంపాయి. ఖాతాదారులు చేసిన తప్పు ఒక్కటీ లేదు. అయినా వరసల్లో నిలబడి పిన్ను మార్చుకోవలసిన పని ఖాతాదారుల మీదే పడింది.

ఈ సంఘటన తర్వాత కొద్ది నెలలకే, 2017 జూలై 6న, రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలన్నది అందులో ఉంది. మన కార్యకర్తలు చదివి తీరవలసిన కాగితం అది. బ్యాంకు వైపు లోపం ఉంటే ఖాతాదారు ఫిర్యాదు చేసినా చేయకపోయినా నష్టం మొత్తం బ్యాంకుదే. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో మరెక్కడో ఉంటే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే ఒక్కో లావాదేవీకి నష్టానికి హద్దు ఉంది: కనీస సదుపాయాల ఖాతాలకు 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాలకు 10,000. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానం ప్రకారం నడుస్తుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తిరిగి చూపాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీద ఉంచారు. నేను కలిసిన మహిళల్లో ఒక్కరికి కూడా ఏ బ్యాంకులోనూ ఎవరూ ఈ మాట చెప్పలేదు.

అదే ఉత్తర్వులో చిన్న ద్వారం ఒకటి ఉంది. ఖాతాదారు తన రహస్య వివరాలను ఇతరులకు చెప్పడం వంటి అజాగ్రత్త వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయిందంతా ఆమె నెత్తినే. మన ప్రాంతంలో బ్యాంకులన్నీ ఈ ద్వారం గుండానే బయటికి నడిచిపోతున్నాయి.

ఈ నియమం రాసినవారి మనసులో ఉన్న ఖాతాదారు ఎవరు? ఆయనకు సొంత ఫోను ఉంది. వచ్చిన సందేశాన్ని ఇంగ్లీషులో చదవగలడు. కార్డు ఆయన జేబులోనే ఉంటుంది. పిన్ను ఆయన ఒక్కడికే తెలుసు. బ్యాంకుకు ఒంటరిగా వెళతాడు, ఒంటరిగా వస్తాడు. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఈయన ఎవరో పోల్చుకోవడం నాకు కష్టం కాలేదు. పట్నంలో ఉద్యోగం చేసే మగవాడు.

మన లెక్కలు వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు దాదాపు 82 శాతం. సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్నవారు 49 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం, పల్లెల్లో ఇంకా తక్కువ. ఖాతాకూ ఫోనుకూ మధ్య ఉన్న ఈ ఎడంలో లక్షలాది ఆడవాళ్ళున్నారు. వారి ఖాతా కాపలా వేరేవాళ్ళ చేతిలోని ఫోను మీద నడుస్తోంది. మొబైల్ నంబరు ఇవ్వని ఖాతాదారుకు ఏటీఎంలో నగదు తీసుకోవడం మినహా మరే ఎలక్ట్రానిక్ సదుపాయమూ ఇవ్వనవసరం లేదని కూడా అదే 2017 ఉత్తర్వులో ఉంది. కాబట్టి బ్యాంకులు నంబరు అడిగాయి. ఫోను లేనివాళ్ళు ఎవరిదో ఒకరిది ఇచ్చారు. భర్తది, బెంగుళూరులో బేల్దారి పనిచేసే కొడుకుది, సంఘం యానిమేటరుది. గిద్దలూరు దగ్గరి ఆమె ఖాతాకు ఉన్న నంబరు 2014లో జన్‌ధన్ ఖాతాలు తెరిచిన రోజుల్లో యానిమేటరు రాయించినది. యానిమేటరు మారిపోయింది, ఆ నంబరు ఎప్పుడో మూతపడింది. మూడు లావాదేవీల సందేశాలూ ఎటు పోయాయో తెలియదు. "మేం ఎస్సెమ్మెస్ పంపాం, మీరు ఏడు రోజుల్లో రాలేదు" అని బ్యాంకు వాదించింది.

ఈ వాదన చెల్లదని ఒక హైకోర్టు ఎప్పుడో చెప్పింది. 2019 జనవరిలో కేరళ హైకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు అప్పీలును కొట్టేస్తూ, సందేశానికి స్పందించలేదన్న కారణంతో బ్యాంకు తన బాధ్యత తప్పించుకోలేదనీ, సందేశాలు చూసే అలవాటు లేని ఖాతాదారులు కూడా ఉండవచ్చుననీ అంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు ఇంకో కేసులో అస్సాం ఖాతాదారు పక్షాన గౌహతి హైకోర్టు ఇచ్చిన తీర్పును నిలబెట్టింది. అందులో ఖాతాదారు కస్టమర్ కేర్ అనుకుని మోసగాడి మాట విని ఫోనులో ఒక యాప్ దింపుకున్నాడు. 94,204 రూపాయలు పోయాయి. ఒక్క రోజులోపే బ్యాంకుకు చెప్పాడు. బ్యాంకు ఆ సొమ్ము చెల్లించాల్సిందేనని కోర్టులు అన్నాయి. ఇవి రెండూ మనకు ఆసరాగా నిలిచే తీర్పులు. కానీ హైకోర్టు దాకా, సుప్రీంకోర్టు దాకా సాగే వ్యాజ్యం ఎన్నేళ్ళు నడుస్తుందో, దానికి ఏం కావాలో మనకు తెలుసు.

వినియోగదారుల ఫోరానికి వెళ్ళిన ఒక స్త్రీకి ఏమైందో కూడా చెప్పాలి. 2013 నవంబరులో బెంగుళూరులో కాన్పయి ఇంట్లో ఉన్న ఒకామె తన కార్డు, పిన్ను భర్తకిచ్చి 25,000 రూపాయలు తెమ్మంది. మిషన్ చీటీ ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు. ఖాతాలో మాత్రం సొమ్ము తగ్గింది. వాళ్ళు కెమెరా దృశ్యాలు సంపాదించారు, సమాచార హక్కు కింద కాగితాలు తీశారు. డబ్బు బయటికి రాలేదని చూపించారు. కెమెరాలో కనిపించింది ఖాతాదారు కాదు కదా అన్నది బ్యాంకు. నాలుగున్నరేళ్ళ తర్వాత, 2018లో, ఫోరం కేసు కొట్టేసింది. పిన్ను భర్తకు చెప్పడం నిబంధనలకు విరుద్ధమని, సెల్ఫ్ చెక్కో అధికార పత్రమో ఇచ్చి పంపి ఉండాల్సిందని అభిప్రాయపడింది.

పచ్చి బాలింత సెల్ఫ్ చెక్కు రాయాలట! మోసగాడు లేని కేసు ఇది. చెడిపోయింది బ్యాంకు మిషన్. అయినా తీర్పు ఆమె ఇంటి లోపల భార్యాభర్తల మధ్య జరిగిన మాట మీద నడిచింది. మన కుటుంబాల్లో ఆస్తి, ఆదాయం, ఖర్చు నిర్ణయాలన్నీ ఉమ్మడివని పుట్టినప్పటి నుంచీ చెబుతారు. భార్య సంపాదన భర్త చేతికి రావడం సహజమంటారు. పొదుపు సంఘం అప్పు కూడా "కుటుంబానికే" అంటుంది బ్యాంకు. అప్పు ఇచ్చేటప్పుడు కుటుంబం, నష్టం వచ్చేటప్పుడు ఒంటరి వ్యక్తి. ఈ రెండు నాల్కల ధోరణి వల్ల లాభం ఎవరికో చూడడానికి పరిశోధన అక్కర్లేదు.

దీనికి రెండో పార్శ్వం ఉంది. కార్డు పంచుకోవడం అంతా ఇష్టపూర్వకమని నేను అనుకోవడం లేదు. కంభం, బేస్తవారిపేట వైపు నేను మాట్లాడిన స్త్రీల్లో కొందరి కార్డులు భర్తల దగ్గరే ఉన్నాయి. ఒకామె భర్త వారానికొకసారి ఆమె కూలి డబ్బు తీసి తాగుతాడు. బ్యాంకుకు వెళ్ళి చెబితే "మీ ఆయనే కదమ్మా" అన్నారు. ఆమె దృష్టిలో దొంగతనం, బ్యాంకు దృష్టిలో సంసారం, 2017 ఉత్తర్వు దృష్టిలో అజాగ్రత్త. 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం, ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపుతో పెరిగిన సంఘాలు ఆడవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు నిలవాలనే ఆశతోనే కదా నడిచాయి. అప్పట్లో కొన్ని సంఘాలు డబ్బుపెట్టెకు రెండు మూడు తాళాలు వేసి తలొక తాళంచెవి తలొకరి దగ్గర ఉంచుకునేవి. ఒకరి ఇంట్లో మగవాడు బలవంతం చేసినా పెట్టె తెరుచుకునేది కాదు. ఆ ముతక పెట్టె తయారుచేసినవాళ్ళకు ఆడదాని ఇంట్లో పరిస్థితి తెలుసు. ఈనాటి కార్డు తయారుచేసినవాళ్ళకు తెలియదు, లేదా పట్టదు.

వేలిముద్రల సంగతికి వస్తాను. ఆధార్ చెల్లింపుల పద్ధతిలో డబ్బు తీయడానికి మూడే కావాలి: ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ను లేదు, ఓటీపీ లేదు. చదువురాని వారికి సులువుగా ఉండాలనే ఇట్లా చేశారు, నిజంగానే సులువైంది కూడా. ముసలివాళ్ళు బస్సెక్కి పట్నం పోకుండా ఊళ్ళోనే డబ్బు తీసుకుంటున్నారు. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ముద్ర మార్చుకునేది కాదు. పిన్ను బయటపడితే కొత్తది పెట్టుకోవచ్చు, వేలు బయటపడితే ఏం చేస్తాం? 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ముల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి వేల నకళ్ళు తయారుచేసి సిమ్ములు ఆన్ చేసిన సంగతి బయటపడింది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దింపుకుని, వాటి మీది ఆధార్ సంఖ్యలూ వేలిముద్రలూ వాడి జనం ఖాతాల్లో డబ్బు తీశారు. మొదటి సంఘటనకూ రెండోదానికీ మధ్య నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళు దస్తావేజులను అందరికీ కనిపించేట్లు ఉంచింది ప్రభుత్వ శాఖ. ఇక్కడ "అజాగ్రత్త" అనే మాట ఎవరూ వాడినట్లు నాకు గుర్తులేదు.

వేలిముద్రల మిషన్ పట్టుకున్న మనిషి గురించి కూడా మాట్లాడాలి. బ్యాంకు మిత్ర అంటారు, సీఎస్‌పీ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో స్మార్ట్ కార్డులతో ఉపాధి కూలి ఇచ్చిన రోజుల్లో ఈ పనికి సంఘాల్లోని చదువుకున్న ఆడవాళ్ళనే ఎక్కువగా పెట్టారు. ఈనాటికీ చాలామంది ఆడవాళ్ళే, కమిషన్ మీద బతికేవాళ్ళు. ఎక్కడ మోసం జరిగినా ముందు కేసు ఆమె మీద పడుతుంది. కొందరు తప్పు చేసినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. కానీ 2006లో ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచీ ప్రతినిధులు చేసే పనులకు బ్యాంకులే బాధ్యులని రిజర్వు బ్యాంకు చెబుతూ వచ్చింది. ఈ ప్రతినిధుల వివరాలు సరిగా తనిఖీ చేయాలని, మూడు నెలలు పనిచేయకుండా ఉన్నవారిని మళ్ళీ తనిఖీ చేశాకే అనుమతించాలని 2025 జూన్‌లో మరో ఉత్తర్వు వచ్చింది. 2026 జనవరి 1 నుంచి అది అమలుకు వచ్చింది. ఊళ్ళో శాఖ పెట్టాలంటే జీతాలు, అద్దెలు ఉంటాయి. కమిషన్ మనిషితో ఆ ఖర్చు మిగులుతుంది. ఆ మిగులు బ్యాంకుకు, దాని వల్ల వచ్చే ముప్పు మాత్రం మిషన్‌కు ఇటువైపు ఒక ఆడమనిషికీ అటువైపు ఇంకో ఆడమనిషికీ పంచారు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు నా సమాధానం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఏర్పాటును ఎవరు తయారుచేశారో, దాన్ని మార్చే శక్తి ఎవరి చేతిలో ఉందో, దానివల్ల ఎవరు లాభపడుతున్నారో, నష్టం కూడా ముందుగా వారిదే కావాలి. ఇదేమీ విడ్డూరమైన కోరిక కాదు. అమెరికాలో 1978 నాటి చట్టం ప్రకారం కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే ఖాతాదారు నష్టం 50 డాలర్లకు మించదు. అక్కడి నియమాలకిచ్చిన అధికారిక వివరణలో, పిన్నును కార్డు మీదే రాసిపెట్టుకున్నా సరే ఆ కారణంతో ఖాతాదారు నష్టాన్ని పెంచకూడదని ఉంది. అక్కడి బ్యాంకులు దివాలా తీయలేదు. నష్టం తమదైతే జాగ్రత్త కూడా తమదే అవుతుంది కనుక అనుమానాస్పదమైన లావాదేవీని పట్టుకునే మార్గాలు వెతుక్కున్నాయి. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసగాడి మాట నమ్మి ఖాతాదారు తన చేతులతోనే డబ్బు పంపిన కేసుల్లో కూడా చాలావరకు 85,000 పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని డబ్బు పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం పంచుకోవాలి. దొంగ ఖాతా తెరిచిన బ్యాంకు మీద కూడా భారం వేయడం నాకు బాగా నచ్చింది. మన మార్కాపురం ఆమె 18,000 ఏ ఖాతాలోకి పోయాయో ఆ ఖాతాను కూడా ఒక బ్యాంకే కదా తెరిచింది, కేవైసీ చూసి!

అట్లా అయితే జనం అబద్ధపు ఫిర్యాదులు చేస్తారని ఒక బ్యాంకు అధికారి నాతో అన్నారు. కొందరు చేస్తారేమో. బీమాలోనూ చేస్తారు, అందుకని బీమా ఎత్తేయలేదు. నాకు అంతకంటే భయం కలిగించేది వేరే ఉంది. భారం తమ మీద పడుతుందంటే బ్యాంకులు చదువురాని ఆడవాళ్ళకు, దళితవాడల వాళ్ళకు కార్డులూ సదుపాయాలూ ఇవ్వడమే మానుకోవచ్చు. అది జరగదని నేను హామీ ఇవ్వలేను. సేవను నిరాకరించకుండా బాధ్యతను మాత్రమే పెంచే నియమం కోసం అడగాలి. అది తేలిక కాదని కూడా ఒప్పుకోవాలి.

ఇక మన సంగతి. గత నాలుగైదేళ్ళుగా మన సంస్థలు ఊరూరా అవగాహన సదస్సులు పెడుతున్నాయి. కొన్నిటికి బ్యాంకులే డబ్బిస్తున్నాయి. ఓటీపీ చెప్పకండి, లింకు నొక్కకండి, తెలియని ఫోను ఎత్తకండి, పిన్ను భర్తకు కూడా చెప్పకండి అని బ్యానర్లు కడుతున్నాం. నేనూ ఆ సదస్సుల్లో మాట్లాడాను. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ తర్లుపాడు దగ్గర ఒక సదస్సు అయిపోయాక ఒకామె పక్కకు పిలిచి, ఆరు నెలల కిందట తనకు ఇట్లాగే నాలుగు వేలు పోయాయని, ఎవరికీ చెప్పలేదని, ఇప్పుడు మన మాటలు విన్నాక తప్పు తనదేనని అర్థమైందని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన సదస్సు ఆమెకు ఇచ్చింది ఇదా? సంతకాలు పెట్టించుకున్న హాజరు పట్టిక బ్యాంకు చేతికి పోతుందనీ, రేపు "మేం అవగాహన కల్పించాం, అయినా చెప్పింది" అనడానికి అదే సాక్ష్యం కావచ్చుననీ ఆ తర్వాతే నాకు తట్టింది.

సదస్సులు మానమని నేను అనను. "చెప్పకండి" అన్న గంటలో కనీసం అరగంట "పోతే ఎక్కడ అడగాలి" అన్నదానికి ఇవ్వాలి. వెంటనే 1930కి ఫోను చేయడం, డబ్బు చేతులు మారకముందే ఆపించే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవడం. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయడం. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, కాగితం మీద తెలుగులోనూ రాయవచ్చు. ప్రతి సంఘంలో ఒక్కో సభ్యురాలి ఖాతాకు ఏ నంబరు ఉందో ఒకసారి చూసుకుంటే చాలు, సగం మందివి వేరేవాళ్ళ పేరు మీద కనిపిస్తాయి. ఆ జాబితా పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, ఈమెకు సమాచారం అందే దారి లేదని ముందుగానే రాసిస్తే, రేపు ఏదన్నా జరిగినప్పుడు మూడు రోజుల లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో వాదించడానికి మన చేతిలో కాగితం ఉంటుంది. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది. అయితే అది తీయడానికీ వేయడానికీ ఆధార్‌కు జోడించిన ఫోనే కావాలి, రేషను రోజున గుర్తుపెట్టుకుని తీయాలి. ఫోను లేని ఆమెకు ఈ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాలేదు.

గిద్దలూరు ఆమె తరఫున మేం రాసిన దరఖాస్తును బ్యాంకు రెండుసార్లు తీసుకోలేదు. సైబర్ పోలీసు కాగితం తెమ్మన్నారు. ఈ తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాకు ఒక కొసన ఉండేవి, ఆ తర్వాత ప్రకాశానికి ఇంకో కొసన ఉన్నాయి. 2025 డిసెంబరు ఆఖరున మార్కాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడింది గానీ, మా దరఖాస్తు అంతకు ముందుది. ఒంగోలు పోయి రావడానికి ఆమెకు ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు అయ్యాయి. మూడోసారి వెళ్ళినప్పుడు సంఘం నుంచి ఏడుగురు కలిసి వెళ్ళారు. 2017 ఉత్తర్వు నకలు జతచేశాం. ఆమె ఏ రహస్యమూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి అజాగ్రత్త ఏమిటో రుజువు చేయమనీ, సందేశం ఆమెకు అందనే లేదు కాబట్టి ఏడు రోజుల లెక్క వర్తించదనీ రాశాం. రసీదు ఇచ్చారు. రెండు నెలలు దాటాక 9,500 రూపాయలు ఖాతాలో పడ్డాయి. వచ్చిన ఉత్తరం రెండు వాక్యాలది, ఇంగ్లీషులో ఉంది. ఎవరు తీశారు, ఆమె ముద్ర వాళ్ళకు ఎక్కడ దొరికింది అన్నది అందులో లేదు. వచ్చే నెల బియ్యానికి ఆమె అదే వేలు పెట్టాలి.

మార్కాపురం ఆమె ఫిర్యాదు అంబుడ్స్‌మన్ దగ్గర ఉంది. అప్పులో ఆమె ఇంకా పదకొండు కంతులు కట్టాలి.